కడుపునొప్పి అంటే గ్యాసేనా? పేగుకి రక్తం ఆగితే గంటల్లోనే ప్రాణం మీదకి.. ఉస్మానియా ఆపరేషన్ వెనక అసలు కథ ఇదీ!

నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర్నుంచి చిక్కడపల్లి వైపు వస్తుంటే రాత్రి పది దాటినా ఒకట్రెండు మెడికల్ షాపులు తెరిచే కనిపిస్తాయి. కాసేపు అక్కడ నిలబడితే చాలు.. ఎవరో ఒకరు వచ్చి "అన్నా, కడుపులో నొప్పిగా ఉంది, గ్యాస్ టాబ్లెట్ ఇవ్వవా" అంటారు. అశోక్ నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే కుర్రాళ్లయితే మెస్ సాంబారుని తిట్టుకుంటూ వస్తారు. పెద్దవాళ్లయితే సాయంత్రం తిన్న మిర్చి బజ్జీని తిట్టుకుంటారు. టాబ్లెట్ వేసుకుంటారు, పడుకుంటారు, తెల్లారేసరికి తగ్గిపోతుంది. దాదాపు ప్రతిసారీ కథ ఇంతే.

కానీ ఎప్పుడో ఒకసారి, ఎవరో ఒకరికి.. అది గ్యాస్ కాదు. కడుపులో పేగులకి రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం మూసుకుపోయి ఉంటుంది.

గుండెకి రక్తం ఆగిపోతే హార్ట్ ఎటాక్ అంటాం. మెదడుకి ఆగిపోతే స్ట్రోక్, పక్షవాతం అంటాం. ఈ రెండూ ఇప్పుడు చిన్నపిల్లలకి కూడా తెలిసిన మాటలు. అదే పని పేగుకి జరిగితే? దానికి మన వాడుకలో పేరే లేదు. డాక్టర్లు మాత్రం 'అక్యూట్ మెసెంటెరిక్ ఇస్కీమియా' అంటారు. పలకడం కష్టం. కనిపెట్టడం అంతకంటే కష్టం. ఆలస్యమైతే బతికించడం మరీ కష్టం.

ఉస్మానియాలో ఏం జరిగింది?

2025 ఏప్రిల్‌లో అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా జనరల్ హాస్పిటల్ నుంచి ఓ వార్త వచ్చింది. గుర్తుండే ఉంటుంది. 40 ఏళ్ల వ్యక్తికి చిన్నపేగు మార్పిడి ఆపరేషన్ చేశారు. బ్రెయిన్ డెడ్ అయిన దాత నుంచి సేకరించిన చిన్నపేగుని ఆయనకి అమర్చారు. ఆ ఆస్పత్రి చరిత్రలో ఇలాంటి ఆపరేషన్ అదే మొదటిసారి. సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగం హెడ్ డాక్టర్ సీహెచ్ మధుసూదన్ ఆధ్వర్యంలోని టీమ్ ఈ పని చేసింది. కార్పొరేట్ ఆస్పత్రుల్లోనే అరుదుగా జరిగే ఆపరేషన్ సర్కారు దవాఖానాలో జరిగిందని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవాల్సిందే.

అయితే 'అరుదైన ఆపరేషన్' అనే హెడ్‌లైన్ కింద అసలు ప్రశ్న ఒకటి ఉండిపోయింది. నలభై ఏళ్ల మనిషికి చిన్నపేగు మార్చాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

దానికి జవాబు ఇదే జబ్బు. ఆయన పేగులకి రక్తం తీసుకెళ్లే ప్రధాన ధమనిలో రక్తం గడ్డ కట్టింది. రక్తం అందక పేగు చచ్చుబడింది. అంతకుముందు ఎమర్జెన్సీగా ఆపరేషన్ చేసి, పాడైపోయిన పేగు చాలా వరకు తీసేయాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది కానీ లోపల మిగిలిన పేగు సరిపోలేదు. తిన్నది ఒంటికి పట్టదు. బరువు తగ్గిపోతూ, నరంలోంచి ఎక్కించే పోషకాల మీదే బతకాల్సిన పరిస్థితి. దీన్ని 'షార్ట్ గట్ సిండ్రోమ్' అంటారు. అక్కడి నుంచి మొదలైంది మార్పిడి కథ.

అంటే మనం చూసింది సినిమాలో క్లైమాక్స్ మాత్రమే. ఫస్ట్ హాఫ్ ఏంటో ఇప్పుడు చూద్దాం.

ఒకే ఒక్క మెయిన్ పైపు

గుండె నుంచి కిందకి దిగే అతి పెద్ద రక్తనాళం పేరు అయోర్టా. ఇది కడుపులోకి వచ్చాక జీర్ణవ్యవస్థ కోసం మూడు కొమ్మలు ఇస్తుంది. పైది కడుపు, కాలేయం, ప్లీహానికి వెళ్తుంది. కిందది పెద్దపేగు చివరి భాగానికి వెళ్తుంది. మధ్యలో ఉన్నదే 'సుపీరియర్ మెసెంటెరిక్ ఆర్టరీ'. డాక్టర్లు షార్ట్‌గా ఎస్‌ఎంఏ అంటారు. చిన్నపేగు దాదాపు మొత్తం, పెద్దపేగులో మొదటి భాగం ఈ ఒక్క నాళం మీదే ఆధారపడి ఉంటాయి.

చిన్నపేగు పొడవు మనిషిని బట్టి మారుతుంది కానీ సుమారు 6 మీటర్లు అనుకోండి. మనం తిన్న ఇడ్లీ అయినా బిర్యానీ అయినా అందులోని పోషకాలు రక్తంలోకి వెళ్లేది ఇక్కడే. ఊరికే కూర్చున్నప్పుడు కూడా గుండె పంప్ చేసే రక్తంలో దాదాపు ఐదో వంతు జీర్ణవ్యవస్థకే పోతుంది. భోజనం చేశాక ఇంకా పెరుగుతుంది.

మన గల్లీల్లో మంజీరా నీళ్ల లైన్ తెలుసు కదా. ఒక్క ఇంటి కనెక్షన్ మూసుకుపోతే ఆ ఇంటికే ఇబ్బంది, పక్కింటి నుంచి బిందె తెచ్చుకోవచ్చు. మెయిన్ లైన్ దగ్గరే వాల్వ్ పడిపోతే? కాలనీ మొత్తం ఎండిపోతుంది. పేగుకి ఉన్న చిన్న చిన్న రక్తనాళాల్లో ఒకటి మూసుకుపోతే పక్క నాళాలు సర్దుకుంటాయి. ఎస్‌ఎంఏ మొదట్లోనే అడ్డం పడితే అలా సర్దుకోవడానికి టైమ్ ఉండదు.

గడ్డ ఎక్కడి నుంచి వస్తుంది?

ఎక్కువ కేసుల్లో గడ్డ తయారయ్యేది కడుపులో కాదు, గుండెలో. 'ఏట్రియల్ ఫిబ్రిలేషన్' అని ఒక గుండె జబ్బు ఉంది. ఇందులో గుండె పైగదులు లయ తప్పి వణుకుతున్నట్టు కొట్టుకుంటాయి. రక్తం సాఫీగా కదలక ఓ మూల నిలిచిపోతుంది, నిలిచిన చోట గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి రక్తంతో పాటు ప్రయాణం మొదలుపెడుతుంది. పైకి వెళ్తే మెదడులో స్ట్రోక్. కిందకి వస్తే..? ఎస్‌ఎంఏ అయోర్టా నుంచి వంపుగా, కిందకి వాలినట్టు విడిపోతుంది, నోరు కూడా వెడల్పుగా ఉంటుంది. అందుకే కిందకి జారిన గడ్డకి అది మంచి దారి. లోపలికి దూరి, నాళం సన్నబడే చోట బిరడాలా ఇరుక్కుంటుంది.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనగానే ముసలివాళ్ల జబ్బు అనుకుంటాం. మన దగ్గర ఇంకో కోణం ఉంది. చిన్నప్పుడు గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం కొందరిలో గుండె వాల్వ్‌ని దెబ్బతీస్తుంది. అలాంటివాళ్లకి ముప్పై, నలభై ఏళ్లకే గుండె లయ తప్పే అవకాశం ఉంటుంది. 'చిన్నప్పుడు గుండెలో వాల్వ్ ప్రాబ్లం అన్నారు, తర్వాత పట్టించుకోలేదు' అనేవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తారు. వాళ్లు పట్టించుకోవాలి.

రెండో రకం, గడ్డ ఎక్కడి నుంచో రాకుండా అక్కడే తయారవడం. ఏళ్ల తరబడి సిగరెట్లు, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ వల్ల నాళం గోడల్లో కొవ్వు పేరుకుని దారి సన్నబడుతుంది. ఓ రోజు ఆ సన్నటి చోట రక్తం గడ్డ కట్టి పూర్తిగా మూసేస్తుంది. గుండె నాళాల్లో జరిగేది కూడా అచ్చం ఇదే.

మూడోది సిరల్లో గడ్డ. అంటే రక్తం లోపలికి వస్తుంది కానీ బయటకి పోదు. పేగు ఉబ్బిపోతుంది, చివరికి అదీ చచ్చుబడుతుంది. ఇది కొంచెం నెమ్మదిగా, రోజుల తరబడి నొప్పితో వస్తుంది. వయసులో ఉన్నవాళ్లలోనూ కనిపిస్తుంది. రక్తం తొందరగా గడ్డకట్టే గుణం పుట్టుకతో ఉన్నవాళ్లు, లివర్ సిర్రోసిస్ ఉన్నవాళ్లు దీని రిస్క్‌లో ఉంటారు. కరోనా టైమ్‌లో ఊపిరితిత్తుల్లోనే కాదు, పేగు రక్తనాళాల్లో కూడా గడ్డలు కట్టిన కేసులు ప్రపంచమంతా రిపోర్ట్ అయ్యాయి.

ఇంకో రకంలో అసలు గడ్డే ఉండదు. ఐసీయూలో ఉన్న పేషెంట్‌కి బీపీ బాగా పడిపోయినప్పుడు, గుండె సరిగ్గా పంప్ చేయనప్పుడు, డయాలసిస్ మీద ఉన్నప్పుడు శరీరం తెలివిగా ఆలోచిస్తుంది. మెదడుని, గుండెని కాపాడుకోవడానికి పేగుకి రక్తం తగ్గించేస్తుంది. శరీరం వైపు నుంచి అది కరెక్టే, కానీ బలయ్యేది పేగు.

నొప్పి భయంకరం.. పొట్ట మాత్రం మెత్తగా

ఈ జబ్బులో డాక్టర్లని కూడా తికమక పెట్టే పాయింట్ ఇది. కాస్త నిదానంగా చదవండి.

అపెండిక్స్ నొప్పి వచ్చిందనుకోండి. డాక్టర్ పొట్ట మీద చెయ్యి పెట్టి నొక్కగానే పేషెంట్ కెవ్వుమంటాడు. పొట్ట గట్టిపడి ఉంటుంది. డాక్టర్‌కి అక్కడే సగం విషయం అర్థమైపోతుంది. ఎస్‌ఎంఏ మూసుకుపోయిన మనిషి పరిస్థితి దీనికి రివర్స్. నొప్పితో మెలికలు తిరిగిపోతుంటాడు, మంచం మీద ఒక చోట పడుకోలేడు. కానీ పొట్ట నొక్కి చూస్తే మెత్తగా, మామూలుగానే ఉంటుంది. చూసేవాళ్లకి 'ఏమీ లేదు, ఓవర్ చేస్తున్నాడు' అనిపిస్తుంది. మెడికల్ పుస్తకాల్లో ఈ లక్షణాన్ని ప్రత్యేకంగా రాస్తారు.. పరీక్షలో కనిపించే దానికి, పేషెంట్ చెప్పే నొప్పికి పొంతన ఉండదు అని.

ఎందుకలా? మొదటి గంటల్లో దెబ్బ తినేది పేగు లోపలి పొర. బయటి పొర, దాని చుట్టూ ఉండే పెరిటోనియం అనే పల్చటి పొర అప్పటికి బాగానే ఉంటాయి. చెయ్యి పెట్టి నొక్కినప్పుడు స్పందించేది ఆ బయటి పొర. లోపల ఇల్లు తగలబడుతుంటుంది, బయట గోడ చల్లగానే ఉంటుంది.

నొప్పితో పాటు చాలామందికి వాంతులు, విరేచనాలు అవుతాయి. రక్తం ఆగగానే పేగు గట్టిగా ముడుచుకుని లోపల ఉన్నది బయటకి తోసేస్తుంది. ఇదే ఇంకో ఉచ్చు. వాంతులు, విరేచనాలు అనగానే ఎవరైనా ఏమంటారు? 'ఫుడ్ పాయిజన్'. సెలైన్ పెట్టించుకుని ఇంటికి వచ్చేస్తారు.

ఇక అసలైన మోసం కొన్ని గంటల తర్వాత. కొందరిలో నొప్పి తగ్గుతుంది. ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, 'చూశావా, టాబ్లెట్ పనిచేసింది' అంటారు. మా ఇంట్లో అయితే ఆ క్రెడిట్ వాము నీళ్లకి వెళ్లేది. నిజానికి అక్కడ జరిగింది వేరు. నొప్పిని తెలియజేసే నరాలున్న పేగు పొర చచ్చిపోతోంది, అందుకే నొప్పి తగ్గింది. ఆ తర్వాత పేగు గోడ పూర్తిగా పాడై, బ్యాక్టీరియా బయటకి లీకై, పొట్ట గట్టిపడి, జ్వరం, బీపీ పడిపోవడం, మలంలో రక్తం.. ఇవన్నీ వస్తాయి. అప్పుడు ఎవరు చూసినా ఎమర్జెన్సీ అని చెబుతారు. అప్పటికి చాలా వరకు ఆలస్యం అయిపోయి ఉంటుంది.

ఆరు గంటల లెక్క

రక్తం పూర్తిగా ఆగిపోతే పేగు లోపలి పొర దెబ్బతినడం మొదటి గంటల్లోనే మొదలవుతుంది. సుమారు ఆరు గంటలకి గోడ మొత్తం మందంలో చచ్చుబడే స్థితికి వస్తుంది. పక్క నాళాల నుంచి కాస్తయినా రక్తం అందుతుంటే ఇంకొంచెం టైమ్ దొరుకుతుంది. ప్రపంచ ఎమర్జెన్సీ సర్జన్ల సంఘం డబ్ల్యూఎస్‌ఈఎస్ ఈ జబ్బుపై 2017లో గైడ్‌లైన్స్ ఇచ్చింది, 2022లో వాటిని అప్‌డేట్ చేసింది. అందులో ఓ మాట ఉంది. రోగనిర్ధారణ ఆరు గంటలు ఆలస్యమైన ప్రతిసారీ మరణం ముప్పు రెట్టింపు అవుతుందని. మొత్తంగా చూస్తే ఈ జబ్బు వచ్చిన వాళ్లలో సగం మందికి పైగా చనిపోతున్నారని ఇన్నేళ్ల అధ్యయనాలు చెబుతున్నాయి. ఇది అరుదైన జబ్బే, ఎమర్జెన్సీలో కడుపునొప్పితో వచ్చే చాలామందికి ఇది ఉండదు. కానీ ఉన్నవాళ్లకి మాత్రం గడియారమే విలన్.

ఎలా కనిపెడతారు?

మామూలు ఎక్స్-రేలో మొదట్లో ఏమీ తెలియదు. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో పేగులోని గ్యాస్ అడ్డం వచ్చి నాళం సరిగ్గా కనిపించదు. 'స్కాన్ తీయించాం, నార్మల్ వచ్చింది' అని ఇంటికెళ్లిపోయేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. రక్తపరీక్షల్లో లాక్టేట్ పెరుగుతుంది కానీ అది మొదట్లో నార్మల్‌గా ఉండొచ్చు. పెరిగిందంటే అప్పటికే డ్యామేజీ మొదలైందని.

కచ్చితంగా చెప్పే పరీక్ష ఒకటే.. సీటీ యాంజియోగ్రామ్. చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి స్కాన్ చేస్తే రక్తనాళాలన్నీ చెట్టు కొమ్మల్లా తెల్లగా వెలుగుతాయి. గడ్డ ఉన్న చోట ఆ కొమ్మ విరిగినట్టు ఆగిపోతుంది. పరీక్షకి పట్టేది కొద్ది నిమిషాలే. కాంట్రాస్ట్ వల్ల కిడ్నీ పాడవుతుందేమోనని చాలామంది భయపడతారు. ఆ భయంలో కొంత నిజం ఉంది. కానీ పేగు ఎటాక్ అనుమానం గట్టిగా ఉన్నప్పుడు క్రియాటినిన్ రిపోర్ట్ కోసం ఆగకుండా స్కాన్ చేయాలనే గైడ్‌లైన్స్ చెబుతున్నాయి. కిడ్నీని తర్వాత చూసుకోవచ్చు, పేగుకి అంత టైమ్ లేదు.

ఆపరేషన్ థియేటర్‌లో..

గడ్డ ఉందని తేలగానే సెలైన్, యాంటీబయాటిక్స్, రక్తం ఇంకా గడ్డకట్టకుండా హెపారిన్ మొదలుపెడతారు. ఆ తర్వాత దారులు రెండు. పేగు ఇంకా చచ్చుబడలేదు అనిపిస్తే తొడ దగ్గరి రక్తనాళం నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డని లాగేయడం, అవసరమైతే స్టెంట్ వేయడం. హార్ట్ ఎటాక్‌కి చేసే యాంజియోప్లాస్టీ లాంటిదే. పేగు పాడైందన్న అనుమానం ఉంటే మాత్రం పొట్ట తెరవాల్సిందే. నాళాన్ని కోసి, చివర బెలూన్ ఉండే గొట్టంతో గడ్డ బయటకి లాగుతారు. ఆ బెలూన్ గొట్టాన్ని 1960ల్లో అమెరికన్ సర్జన్ థామస్ ఫోగార్టీ తయారుచేశారు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

రక్తం మళ్లీ పారాక సర్జన్లు ఆగి చూస్తారు. నల్లగా మాడిపోయిన భాగం పోయినట్టే, తీసేస్తారు. గులాబీ రంగులో కదులుతున్న భాగం బతికినట్టే. కష్టం మధ్యలో ఉన్న దానితో.. ఊదా రంగులో, అటూ ఇటూ కాకుండా ఉండే పేగుతో. అది కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు. తొందరపడి తీసేస్తే పేషెంట్‌కి పేగు మిగలదు. వదిలేస్తే లోపల కుళ్లిపోవచ్చు. అందుకే చాలాసార్లు పొట్ట పూర్తిగా మూయకుండా, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ తెరిచి చూస్తారు. దీన్ని 'సెకండ్ లుక్' అంటారు. 'ఒకసారి ఆపరేషన్ చేసి మళ్లీ ఎందుకు చేస్తున్నారు, ఏదో తేడా చేశారు' అని ఆస్పత్రి బయట బంధువులు గొడవపడే సీన్లు మనం చాలా చూశాం. ఈ జబ్బులో మాత్రం రెండోసారి తెరవడం ప్లాన్‌లో భాగమే. ఈ ముక్క డాక్టర్లు బంధువులకి ముందే చెబితే సగం గొడవలు ఉండవు.

పేగు లేకుండా బతకడం

చిన్నపేగు 2 మీటర్ల కంటే తక్కువ మిగిలితే షార్ట్ గట్ అంటారు. పెద్దపేగు కూడా మిగిలి ఉంటే కొంత నయం, నీళ్లని అది పట్టి ఉంచుతుంది. అదీ లేకపోతే తిన్నది తిన్నట్టు, తాగింది తాగినట్టు బయటకి వచ్చేస్తుంది. రోజుకి పది, పదిహేనుసార్లు విరేచనాలు అయ్యేవాళ్లు ఉంటారు. పొట్ట మీద స్టోమా సంచి పెట్టాల్సి రావచ్చు.

అలాంటివాళ్లకి ఆహారం నోటి నుంచి కాదు, నరం నుంచి వెళ్తుంది. గ్లూకోజ్, ప్రోటీన్, కొవ్వు, లవణాలు, విటమిన్లు అన్నీ కలిపిన ద్రవాన్ని మెడ దగ్గర పెద్ద సిరలోకి రోజూ గంటల తరబడి ఎక్కిస్తారు. దీన్ని టీపీఎన్ అంటారు. ప్రాణం నిలబెడుతుంది, నిజమే. కానీ ఆ లైన్‌కి ఇన్ఫెక్షన్ వస్తే అది నేరుగా రక్తంలోకి వెళ్తుంది. ఎక్కువ కాలం వాడితే లివర్ దెబ్బతింటుంది. ఖర్చు సంగతి సరేసరి, మధ్యతరగతి ఇల్లు నెలల తరబడి మోసే ఖర్చు కాదది. ఇంట్లో అందరూ కూర్చుని అన్నం తింటుంటే, పక్కన సీసాకి కట్టేసినట్టు కూర్చోవడం ఎలా ఉంటుందో కూడా ఒకసారి ఊహించండి.

మార్పిడి ఈ దశలో ఆలోచించే దారి. కిడ్నీ, లివర్ మార్పిళ్లతో పోలిస్తే పేగు మార్పిడి చాలా తక్కువగా జరుగుతుంది. కారణం ఉంది. పేగు అంటే జీర్ణం చేసే గొట్టం మాత్రమే కాదు, మన రోగనిరోధక కణాల్లో పెద్ద వాటా అక్కడే ఉంటుంది. వేరేవాళ్ల పేగు పెట్టగానే రెండు సైన్యాలు ఎదురుపడినట్టు అవుతుంది. శరీరం దాన్ని తిరస్కరించే అవకాశం ఎక్కువ. పైగా పేగు నిండా బ్యాక్టీరియా. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఎక్కువైతే ఇన్ఫెక్షన్, తక్కువైతే రిజెక్షన్. కత్తి మీద సాము అంటే ఇదే. టాక్రోలిమస్ అనే మందు వచ్చాకే, అంటే 1990ల నుంచే, ఈ ఆపరేషన్లు నిలదొక్కుకున్నాయి. ఉస్మానియా టీమ్ చేసిన పని ఎంత పెద్దదో ఇప్పుడు అర్థమవుతుంది.

దానికి ముందు ఇంకో ఇంట్లో ఓ మరణం జరిగింది, ఆ కుటుంబం సరేనంది. మన రాష్ట్రంలో అవయవదానాలని చూసుకునేది 'జీవన్‌దాన్'. అదే లేకపోతే సర్జన్ ఎంత గొప్పవాడైనా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

ముందే హెచ్చరిక ఇచ్చే రకం కూడా ఉంది

కొందరిలో నాళం ఒక్కసారిగా కాకుండా ఏళ్ల తరబడి సన్నబడుతుంది. అప్పుడు శరీరం ముందే సిగ్నల్ ఇస్తుంది. భోజనం చేసిన అరగంట, గంటలోపు పొట్ట మధ్యలో పిండేసినట్టు నొప్పి. గంటో రెండు గంటలో ఉండి తగ్గుతుంది. మళ్లీ తింటే మళ్లీ వస్తుంది. మెట్లెక్కితే గుండెలో నొప్పి వచ్చేవాళ్లు ఉంటారు కదా, వీళ్లకి తింటే పేగులో నొప్పి. పాపం, కొన్నాళ్లకి తిండి అంటేనే భయపడతారు. రెండు ముద్దలు తిని లేచిపోతారు. నెలల్లో బరువు బాగా తగ్గిపోతారు.

'తాతయ్యకి ఈమధ్య ఆకలి లేదు' అని ఇంట్లో అనుకుంటుంటాం. ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగి చూడండి.. ఆకలి లేదా, తినాలంటే భయమా? రెండింటికీ తేడా ఉంది. ఎండోస్కోపీ నార్మల్, స్కాన్ నార్మల్, గ్యాస్ మందులు ఆరు నెలలుగా వాడుతున్నా బరువు తగ్గుతూనే ఉంటే, అందులోనూ సిగరెట్ అలవాటు, షుగర్, గుండె స్టెంట్ లాంటివి ఉంటే పేగు రక్తనాళాల పరీక్ష గురించి డాక్టర్‌ని అడగడంలో తప్పు లేదు. ఈ దశలో దొరికితే స్టెంట్‌తో సరిపోయే అవకాశం ఉంటుంది.

మరి మన ఏరియా వాళ్లు ఏం చేయాలి?

ముందు అశోక్ నగర్ తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఒక మాట. ఇది చదివి రాత్రంతా పొట్ట నొక్కుకుంటూ కూర్చోకండి. ఇరవై ఐదేళ్లకి, టీలు తాగి భోజనం ఎగ్గొట్టి సెంట్రల్ లైబ్రరీలో కూర్చునేవాళ్లకి వచ్చే కడుపునొప్పి ఎక్కువగా గ్యాస్ట్రైటిసో, అపెండిక్సో అయ్యుంటుంది. అపెండిక్స్ అయినా డాక్టర్ దగ్గరకి వెళ్లాల్సిందే, అది వేరే కథ.

జాగ్రత్త పడాల్సింది ఇంట్లో పెద్దవాళ్లున్న కుటుంబాలు. చిక్కడపల్లి, నారాయణగూడ పాత కాలనీల్లో రిటైర్ అయినవాళ్లు ఎక్కువ. సాయంత్రమైతే త్యాగరాయ గానసభలో ముందు వరుసలన్నీ వాళ్లవే. వాళ్లలో గుండె లయ తప్పే జబ్బు ఉండి రక్తం పలచబడే మందు వాడేవాళ్లు ఉంటారు. పన్ను పీకించుకోవాలనో, కళ్లు తిరుగుతున్నాయనో, మందు అయిపోయిందనో సొంతంగా ఆపేస్తారు. గడ్డకి దారి తెరుచుకునేది అక్కడే. ఆపాలా వద్దా అనేది రాసిన డాక్టరే చెప్పాలి.

అలాంటి మనిషికి ఉన్నట్టుండి కడుపులో భరించలేని నొప్పి మొదలైతే తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. దగ్గర్లో ఐపీఎం ఉంది కదా అని అక్కడికి పరిగెత్తకండి, అది కుక్కకాటు టీకాలకి, ల్యాబ్ పరీక్షలకి. సీటీ స్కాన్, సర్జన్ రెండూ రాత్రిపూట కూడా ఉండే చోటికే వెళ్లాలి. మనవాళ్లకి ఒక అదృష్టం ఉంది. నారాయణగూడ మెట్రో స్టేషన్ నుంచి గ్రీన్ లైన్‌లో ఇటు రెండు స్టేషన్లు పోతే ఎంజీబీఎస్, ఉస్మానియా అక్కడికి దగ్గరే. అటు నాలుగు స్టేషన్లు పోతే గాంధీ హాస్పిటల్. మెట్రో ఎక్కి వెళ్లమని కాదు, దూరం ఎంతో తెలియాలని చెబుతున్నా.

క్యాజువాలిటీలో డాక్టర్‌కి 'కడుపునొప్పండీ' అని ఊరుకోకండి. నొప్పి సరిగ్గా ఎన్నింటికి మొదలైందో చెప్పండి. ఒక్కసారిగా వచ్చిందా, మెల్లగా పెరిగిందా చెప్పండి. గుండె జబ్బు, వాల్వ్ సమస్య, పాత స్ట్రోక్, కాళ్లలో గడ్డ.. ఏది ఉన్నా చెప్పండి. రక్తం పలచబడే మందు ఆపేసి ఉంటే అది తప్పకుండా చెప్పండి, తిడతారని దాచొద్దు. మధ్యలో నొప్పి తగ్గి ఉంటే అదీ చెప్పండి. ఇవన్నీ చెప్పాక ఒక ప్రశ్న అడగండి.. "సార్, పేగుకి రక్తం ఆగిపోయి ఉండొచ్చా? సీటీ యాంజియో అవసరమా?" అవసరం లేదంటే ఎందుకు లేదో ఆయనే చెబుతారు. అవసరమైతే, గంటో రెండు గంటలో ముందే ఆ స్కాన్ జరిగిపోతుంది.

పాత ఈసీజీలు, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ అన్నీ ఒకే కవర్లో పెట్టి బీరువాలో కాకుండా తలుపు పక్కన మేకుకి తగిలించండి. అర్ధరాత్రి అంబులెన్స్ కింద హారన్ కొడుతుంటే బీరువా తాళాలు దొరకవు.